బాన్ మీ: ఢిల్లీ పేటల్లో వియత్నాం శాండ్‌విచ్ – శాకాహారం, వీగన్, ఆరోగ్యం ఒకటేనా?

దేశ రాజధానిలోను, దానిని ఆనుకుని ఉన్న గురుగ్రామ్, నోయిడాలలోను కాలనీ మార్కెట్ల చిన్న భోజనశాలలకు వెళ్ళేవారికి ఇటీవలి సంవత్సరాలలో ఒక కొత్త పేరు పరిచయమవుతోంది. మోమోలు, ఛోలే కుల్చే, సోయా చాప్ వంటి అలవాటైన పేర్ల సరసన ‘బాన్ మీ’ అన్న వియత్నాం మాట కనిపిస్తోంది. దాని కిందనే టోఫు బాన్ మీ, పుట్టగొడుగుల బాన్ మీ అంటూ రకాలు, కొన్నిచోట్ల ‘వీగన్’ అన్న ముద్ర, మరికొన్నిచోట్ల ‘హెల్దీ’ అన్న విశేషణం ఉంటాయి. దక్షిణ ఢిల్లీలోని హౌజ్ ఖాస్‌లో వియత్నాం మహిళా షెఫ్ నడిపే ‘లిటిల్ సైగాన్’ వంటి చిన్న భోజనశాలలు ఈ వంటకాన్ని నగరవాసులకు చేరువ చేశాయి.

పేరు కొత్తదే గాని వస్తువు అంత అపరిచితం కాదు. పైపెచ్చు పెళుసుగాను, లోపల దూదిలాగాను ఉండే పొట్టి రొట్టెను నిలువునా చీల్చి, అందులో పులుపెక్కిన ముల్లంగి, క్యారెట్ తురుము, కీరదోస ముక్కలు, కొత్తిమీర రెబ్బలు, పచ్చిమిర్చి చీలికలు, వాటి నడుమ ప్రధాన పదార్థం పెట్టి అందిస్తారు. ఇందులో తెలుగు వంటింటికి కొత్త అనిపించేవి బహుశా రెండే: రొట్టె, టోఫు. సోయాచిక్కుడు పాలను విరిచి, గడ్డగా అదిమి తయారుచేసేదే టోఫు. పనీర్‌ను పోలి ఉన్నా అందులో పశువుల పాలు ఉండవు.

అయితే ఈ వంటకాన్ని ఎంచుకునేవారందరూ కేవలం రుచి కోసం వచ్చేవారు కారు. వ్రతనియమం ఉన్నవారు, జంతుహింసకు దూరంగా ఉండదలచినవారు, పాలు సరిపడనివారు, రక్తపోటు కారణంగా ఉప్పు తగ్గించుకోవలసినవారు కూడా ఆ ముద్రలను నమ్మే కొనుగోలు చేస్తారు. శాకాహారం, వీగన్, ఆరోగ్యకరం అన్న మూడు మాటలను భోజనశాలల పట్టికలు తరచుగా ఒకే అర్థంలో వాడేస్తున్నాయి. నిజానికి అవి మూడు వేర్వేరు విషయాలు. ఒకే రొట్టెలో ఆ మూడూ ఉండవచ్చు, ఒక్కటీ లేకపోవచ్చు.

ఫ్రెంచి రొట్టె వియత్నాంది ఎలా అయింది?

వియత్నాం భాషలో ‘బాన్’ అంటే పిండివంట, ‘మీ’ అంటే గోధుమ. ఆ దేశం వరిపంట దేశం. అక్కడి తడి వాతావరణం గోధుమ సాగుకు అనుకూలం కాదు. 1858లో దా నాంగ్ మీద దాడితో మొదలైన ఫ్రెంచి ఆక్రమణ వెంట గోధుమపిండి, వెన్న, కాఫీ, పొడవాటి బాగెట్ రొట్టె ఆ గడ్డ మీదికి వచ్చాయి. పిండి దిగుమతి సరుకు కాబట్టి తొలి రోజుల్లో రొట్టె దొరల భోజనంగానే ఉండిపోయింది. వెన్నను వియత్నాం భాషలో ‘బొ’ అనడం, క్యారెట్‌ను ‘కా రోట్’ అనడం ఫ్రెంచి వాసన పోని మాటలే. పోర్చుగీసుల నుంచి వచ్చిన ‘పావ్’ను బొంబాయి వడతో జతచేసి తనదిగా చేసుకున్న మన దేశానికి ఈ తీరు తెలియనిది కాదు.

ఈనాటి బాన్ మీ రూపం మాత్రం పరాయి పాలన చివరిదశలో, అది ముగిసిన తరువాత ఏర్పడింది. 1954 జూలైలో కుదిరిన జెనీవా ఒప్పందాలు వియత్నాంను తాత్కాలికంగా ఉత్తర, దక్షిణ భాగాలుగా విడదీశాయి. ఆ ఒప్పందాల అమలును పర్యవేక్షించిన అంతర్జాతీయ కమిషన్‌కు అధ్యక్షత వహించిన దేశం భారతదేశమే. కెనడా, పోలండ్ సభ్యదేశాలు. ప్రజలు ఇష్టమైన భాగానికి తరలిపోవడానికి ఇచ్చిన మూడువందల రోజుల గడువులో ఎనిమిది లక్షల మందికి పైగా ఉత్తరం నుంచి దక్షిణానికి చేరారు. అలా హనోయ్ నుంచి సైగాన్‌కు వచ్చిన ఒక దంపతులు 1958లో ‘హోవా మా’ అన్న దుకాణం తెరిచారు. పళ్ళెంలో రొట్టె వేరుగా, మాంసం వేరుగా, వెన్న వేరుగా వడ్డించే ఫ్రెంచి పద్ధతి పనికి పరుగులు తీసే కార్మికులకు, విద్యార్థులకు కుదరదు. అందుచేత రొట్టె పొడవు తగ్గించి, అన్నింటినీ దాని కడుపులోనే కూరి చేతికిచ్చే పద్ధతి అక్కడ మొదలైందని చెబుతారు. ఖరీదైన మాంసం తగ్గి, చవకైన కూరగాయలు, ఆకులు పెరిగాయి. పేదవాడి జేబుకు తగినట్టు మారినందువల్లనే ఆ రొట్టెకు ఈనాడు పొగడుతున్న సమతుల్యం వచ్చింది.

ఇక్కడ తెలుగువారికి ఆసక్తి కలిగించే విషయం ఒకటుంది. గోదావరి పాయ ఒడ్డున ఉన్న యానాం కూడా అదే ఫ్రెంచి సామ్రాజ్యంలోని భాగం. ఇండోచైనాలో ఫ్రెంచి పాలన ముగిసిన 1954వ సంవత్సరంలోనే, నవంబరు 1న, పుదుచ్చేరితోపాటు యానాం పరిపాలన కూడా భారతదేశానికి బదిలీ అయింది.

1975లో యుద్ధం ముగిసిన తరువాత దేశం విడిచిన వియత్నామీయులు ఈ రొట్టెను అమెరికా, ఫ్రాన్స్, ఆస్ట్రేలియాలకు తీసుకువెళ్ళారు. 2011 మార్చిలో ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు ‘బాన్ మీ’ని తన పదాలలో చేర్చుకుంది. ఢిల్లీకి ఈ రుచి కొంత ఆ పాశ్చాత్య నగరాల మీదుగా, కొంత నేరుగా వచ్చింది. 2019 డిసెంబరులో ఢిల్లీ నుంచి హో చి మిన్ నగరానికి నేరుగా విమాన సర్వీసు మొదలైంది. 2024లో సుమారు ఐదు లక్షల మంది భారతీయులు వియత్నాంలో పర్యటించారు. అక్కడ రుచి చూసి వచ్చినవారు ఇక్కడ వెతుక్కోవడం సహజమే. వంటవారికి కావలసిన నిమ్మగడ్డి, బియ్యపు పొరలు, టోఫు, రకరకాల సాస్‌లు ఢిల్లీ హాట్‌కు ఎదురుగా ఉన్న ఐఎన్‌ఏ మార్కెట్‌లో దొరుకుతాయి. మజ్నూ కా టీలాలో టిబెట్ వంటలు, హుమాయూన్‌పుర్‌లో ఈశాన్య రాష్ట్రాల వంటలు ఏనాడో స్థిరపడ్డ నగరమిది. ఆంధ్రా భవన్ భోజనశాల ముందు ఉత్తరాదివారు వరుస కట్టినట్టే, వియత్నాం రొట్టె ముందూ కట్టగలరు.

వీగన్ బాన్ మీ ఢిల్లీవారి కోసం కొత్తగా కల్పించినదేమో అన్న అనుమానం అక్కరలేదు. ‘బాన్ మీ చాయ్’ వియత్నాంలోనే ఉంది. ‘చాయ్’ అంటే మనం తాగే తేనీరు కాదు, బౌద్ధ నియమాన్ని అనుసరించిన శాకాహారం. మహాయాన బౌద్ధం వేళ్ళూనుకున్న ఆ దేశంలో చాంద్రమాసం మొదటి రోజున, పౌర్ణమి నాడు మాంసం ముట్టని కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ రోజులలో ‘చాయ్’ అన్న బోర్డు పెట్టిన దుకాణాలకు గిరాకీ ఎక్కువ. ఆలయ సంప్రదాయంలో ఉల్లి, వెల్లుల్లి వంటి ఘాటైన దుంపలు కూడా నిషిద్ధమే. కార్తికమాసంలో ఉల్లి మానే తెలుగు ఇళ్ళకు ఆ నియమం వెంటనే అర్థమవుతుంది. మాంసానికి బదులు టోఫు, పుట్టగొడుగులు, గోధుమ మాంసకృత్తుతో చేసిన ముద్దలు, లేత పనసకాయ వాడతారు. పనసపొట్టు కూర లేని పెళ్ళిభోజనాన్ని వెలితిగా భావించే గోదావరి జిల్లాలవారికి పనస సంగతి వేరే చెప్పనక్కరలేదు. వియత్నాం బౌద్ధ గురువు థిచ్ నాట్ హాన్ 2007లో తన సంఘమంతా గుడ్లు, పాల పదార్థాలు కూడా విడిచిపెడుతున్నట్టు ప్రకటించారు. శాకాహారం నుంచి వీగన్‌కు జరిగిన ఆ అడుగే ఇక్కడ ముఖ్యం.

ఆకుపచ్చ చుక్క చెప్పనిది

‘వీగన్’ అన్న మాట 1944లో ఇంగ్లండులో పుట్టింది. మాంసం, చేప, గుడ్డుతోపాటు పాలు, పెరుగు, వెన్న, నెయ్యి, తేనె కూడా లేని ఆహారమని దాని అర్థం. మన దేశంలో ప్యాకెట్ల మీద కనిపించే ఆకుపచ్చ చుక్క శాకాహారానికి గుర్తు. భారతీయ నిర్వచనం ప్రకారం పాలు, తేనె శాకాహారమే కాబట్టి ఆకుపచ్చ చుక్క ఉన్నంతమాత్రాన అది వీగన్ కాదు. ఈ తేడాను గుర్తించి భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో వీగన్ ఆహారాలకు ప్రత్యేక నిబంధనలు వెలువరించింది. తయారీలోని ఏ దశలోనూ జంతు సంబంధమైన పదార్థం వాడకూడదన్నది వాటి సారాంశం. సంకలితాలకు, సువాసన ద్రవ్యాలకు, ఎంజైములకు కూడా ఇది వర్తిస్తుంది. అలాంటి ఆహారానికి ఆకుపచ్చని ‘వి’ అక్షరం, దాని కొసన చిన్న ఆకు ఉన్న వేరే చిహ్నం ఉంది.

చిక్కు ఎక్కడంటే, అప్పటికప్పుడు చేతికందే శాండ్‌విచ్‌కు ప్యాకెట్ ఉండదు. దాని మీద ముద్రించిన జాబితా ఉండదు. బాన్ మీ పదిరకాల వస్తువుల కూర్పు. కనుక ఏ ఒక్కటి దారి తప్పినా మొత్తం తప్పుతుంది.

ముందు రొట్టె. సంప్రదాయ బాగెట్‌లో పిండి, నీరు, ఉప్పు, ఈస్ట్ తప్ప మరేమీ ఉండవు. కాని బేకరీలలో దొరికే మెత్తని బన్‌లలో పాలపొడి, వెన్న ఉండవచ్చు. పైన నిగనిగలాడడానికి గుడ్డు సొన పూసి ఉండవచ్చు. తరువాత పూత. అసలు పద్ధతిలో వెన్న, కాలేయపు ముద్ద, గుడ్డుతో చేసిన మయొనైజ్ రాస్తారు. వాటికి బదులుగా వాడే ‘వెజ్ మయొనైజ్’లో గుడ్డు ఉండదు గాని కొన్ని రకాల్లో పాల ఘనపదార్థాలు ఉంటాయి. వీగన్ భోజనశాలలు సోయాపాలు, జీడిపప్పు లేదా శనగలు ఉడికించిన నీటితో మయొనైజ్ చేసుకుంటాయి. కాలేయపు ముద్ద స్థానంలో పుట్టగొడుగులు, అక్రోటు కలిపి నూరిన ముద్ద పెడతారు.

అన్నింటికన్నా తేలికగా కంటపడనిది చేప సాస్. ‘నుయోక్ మామ్’ అని పిలిచే ఈ ద్రవం చిన్న చేపలను ఉప్పులో నెలల తరబడి ఊరవేసి తీసే సారం. వియత్నాం వంటలో దాని స్థానం మన వంటలో చింతపండు స్థానం వంటిది. లేకపోతే వంట వెలితిగా తోస్తుంది. టోఫును నానబెట్టే రసంలోనో, ముల్లంగి ఊరగాయలోనో రెండు చెంచాలు పడితే కంటికి కనిపించదు. పుట్టగొడుగుల వేపుడులో ఆయిస్టర్ సాస్, కారపు ముద్దలలో రొయ్యపొడి కూడా ఇలాగే చేరతాయి. చేపకు బదులు సోయాసాస్, సముద్రపు నాచు, ఎండు పుట్టగొడుగులు మరిగించిన నీటితో ఆ రుచికి దగ్గరగా రావచ్చు. కాబట్టి “ఇందులో మాంసం ఉందా?” అని అడగడం చాలదు. “ఊరబెట్టిన రసంలో ఏముంది? మయొనైజ్ దేనితో చేశారు? రొట్టెలో పాలు ఉన్నాయా?” అన్న మూడు ప్రశ్నలు అడగాలి. చిన్న భోజనశాలలో ఉన్న సౌకర్యమేమిటంటే వంట చేసినవారే చాలాసార్లు బల్లకు అవతల నిలబడి ఉంటారు. మాంసం కాల్చిన పెనం మీదనే టోఫును కాలుస్తున్నారా అన్నది నియమనిష్ఠలు గలవారికి నాలుగో ప్రశ్న.

ఢిల్లీ వీధుల్లో మాంసానికి ప్రత్యామ్నాయంగా వెలిగే సోయా చాప్‌ను కూడా కొందరు ఇలాంటి రొట్టెల్లో వాడతారు. సోయా, మైదాలతో చేసే ఆ చాప్‌ను చాలాచోట్ల పెరుగులోనో మీగడలోనో నానబెడతారు. అది శాకాహారం, వీగన్ కాదు.

ఆరోగ్యం లెక్క

వీగన్ అయినంతమాత్రాన ఆరోగ్యకరం కాదు. బంగాళదుంప చిప్స్ కూడా వీగనే. బాన్ మీ విషయంలో లెక్క కొంత అనుకూలంగా, కొంత ప్రతికూలంగా ఉంటుంది.

అనుకూలమైనది మాంసకృత్తు. గట్టి రకం టోఫులో వంద గ్రాములకు సుమారు 10 నుంచి 15 గ్రాముల మాంసకృత్తు ఉంటుంది. వంద గ్రాముల రొట్టెలో మరో 8, 9 గ్రాములు దొరుకుతాయి. ఆరోగ్యవంతులైన పెద్దలకు శరీర బరువులో కిలోకు 0.83 గ్రాముల చొప్పున రోజూ మాంసకృత్తు కావాలని భారత వైద్య పరిశోధన మండలి సిఫారసు. అంటే 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. టోఫు నిండుగా పెట్టిన ఒక బాన్ మీ అందులో ఐదింట రెండు వంతులు ఇవ్వగలదు. గోధుమలో తక్కువగా ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని సోయా భర్తీ చేస్తుంది. బియ్యపు రవ్వకు మినపప్పు జతపడి ఇడ్లీ అయినప్పుడు జరిగేదీ ఇదే.

ఇందులోని కూరగాయలు అలంకారం కోసం పెట్టినవి కావు. ‘డో చువా’ అనే ముల్లంగి, క్యారెట్ ఊరగాయ మన ఆవకాయ వంటిది కాదు. నూనె ఉండదు. వెనిగర్, పంచదార, ఉప్పు కలిపిన నీటిలో కొద్ది గంటలు నానితే చాలు. దాని పులుపు, పచ్చిమిర్చి కారం, కొత్తిమీర వాసన కలిసి రొట్టె చప్పదనాన్ని, టోఫు చప్పదనాన్ని పోగొడతాయి; అందువల్ల కొవ్వు ఎక్కువ వేయకుండానే రుచి వస్తుంది.

ప్రతికూలమైనది ఉప్పు. రోజుకు ఐదు గ్రాములకు మించి ఉప్పు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రెండూ చెబుతున్నాయి. అది రెండు గ్రాముల సోడియంతో సమానం. ఒక పెద్ద చెంచా సోయాసాస్‌లోనే సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. రొట్టెలో ఉప్పు, ఊరగాయలో ఉప్పు, పైన చల్లిన సాస్ కలిస్తే రోజంతటికీ సరిపోయే ఉప్పులో సగానికి పైగా ఒక్క శాండ్‌విచ్‌తోనే లోపలికి పోవచ్చు. చేప సాస్ మానేసి ఆ లోటును సోయాసాస్‌తో నింపే వీగన్ వంటకంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. రక్తపోటు ఉన్నవారు సాస్ విడిగా ఇమ్మని అడగడం మంచిది.

రెండోది మైదా. వంద గ్రాముల తెల్లరొట్టెలో దాదాపు 270 కిలోకాలరీలు ఉంటాయి, పీచు తక్కువ. జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు ధాన్యాల నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం మించకుండా చూసుకోవాలని, ముడి ధాన్యాలకు చోటివ్వాలని సూచించాయి. గోధుమపిండి రొట్టెతో చేసిన బాన్ మీ కొన్నిచోట్ల దొరుకుతుంది గాని అందులో పైపెచ్చు పెళుసుదనం ఉండదు; అది లేని బాన్ మీకి సగం అందం పోయినట్టే. అంతకన్నా రొట్టెను అలాగే ఉంచి, లోపలి మెత్తని భాగాన్ని కొంత తీసేసి కూరగాయలు ఎక్కువ నింపడం మేలు. టోఫును నూనెలో వేయించారా, పెనం మీద కాల్చారా అన్నది కూడా లెక్కను మార్చేస్తుంది. పది, అంతకుమించి శాఖలున్న హోటళ్ళు, కేంద్ర లైసెన్సు గల సంస్థలు పట్టికలో కాలరీల సంఖ్య చూపాలన్న నిబంధన 2022 నుంచి అమలులో ఉన్నా, ఒక్క గది భోజనశాలలకు అది వర్తించదు. అక్కడ ‘హెల్దీ’ అన్నది యజమాని అభిప్రాయం మాత్రమే.

పూర్తిగా వీగన్ ఆహారానికి మారినవారికి మరొక సంగతి. విటమిన్ బి-12 సహజంగా జంతు సంబంధమైన ఆహారంలోనే లభిస్తుంది. ఎంత చక్కని టోఫు అయినా ఆ లోటు తీర్చలేదు. బి-12 చేర్చిన ఆహారమో, వైద్యుల సలహాతో మాత్రలో తీసుకోవలసిందే. సోయా, గోధుమ, వేరుశనగ, నువ్వులు సరిపడనివారికి ఈ శాండ్‌విచ్‌లో ఒకటికి రెండు ప్రమాదాలు ఉండవచ్చు.

శుభ్రత విషయంలో వీగన్ రకానికి ఒక మెరుగు ఉంది. హైదరాబాద్‌లో మోమోలు తిన్న తరువాత ఒక మహిళ మరణించి, పలువురు అస్వస్థులైన దరిమిలా తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు పచ్చిగుడ్లతో చేసిన మయొనైజ్‌ను నిషేధించింది. అదే సంవత్సరం మే నెలలో వియత్నాంలోని డాంగ్ నాయ్ రాష్ట్రంలో ఒక దుకాణం బాన్ మీ తిని అయిదువందల మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. పచ్చిగుడ్డు, మాంసపు ముద్ద లేకపోవడం వల్ల ఆ తరహా ముప్పు తగ్గుతుంది. పూర్తిగా పోదు. పచ్చి ఆకులు మంచినీటితో కడగకపోయినా, టోఫును ఢిల్లీ ఎండలో గంటల తరబడి బయట ఉంచినా క్రిములు చేరతాయి.

ఈ కారణం చేతనే బాన్ మీని ఇంటికి తెప్పించుకోవడం కన్నా అక్కడే నిలబడి తినడం మేలు. ఆవిరి నిండిన పొట్లంలో అరగంట ప్రయాణించిన రొట్టె పెళుసుదనం పోయి సాగుతుంది. ఊరగాయ నీరు దిగి అడుగు మెత్తబడుతుంది. తప్పనిసరిగా పార్శిల్ కావాలంటే రొట్టె, టోఫు, డో చువా, సాస్ వేర్వేరు డబ్బాలలో ఇమ్మని కోరవచ్చు. ఇంటికి వచ్చాక రొట్టెను పొడి పెనం మీద రెండు నిమిషాలు కాల్చి, టోఫును పొగలు వచ్చేలా వేడిచేసి, కొత్తిమీర, పచ్చిమిర్చి చివరగా పెట్టుకుంటే దుకాణంలో దొరికే రుచికి చాలావరకు దగ్గరగా ఉంటుంది.